రుగ్ణ శునక సేవ: మోహమా, ధర్మమా?

మహాభారతం ఆదిపర్వంలో ఒక శునకం కనబడుతుంది, మహాప్రస్థాన ఘట్టంలో మరొక శునకం కనబడుతుంది. జనమేజయుని యాగశాలకు ఆడుకోవడానికి వచ్చిన సారమేయుణ్ణి రాజసోదరులు అకారణంగా కొట్టారు. దేవశునియైన సరమ వచ్చి, నా బిడ్డ ఏ అపరాధం చేశాడని నిలదీసింది. నిండు సత్రయాగంలో ఉన్న రాజవంశీయుల వద్ద ఒక కుక్క ప్రశ్నకు ఉత్తరం లేకపోయింది. నన్నయభట్టారకుడు ఆంధ్రీకరించిన ఈ ఘట్టం తెలుగువారికి సుపరిచితం. ఇక చివరన, ఇంద్రుడు రథంతో వచ్చి స్వర్గానికి ఆహ్వానించినప్పుడు, తన వెంట నడిచి వచ్చిన శునకాన్ని విడిచి రానని ధర్మరాజు నిరాకరించాడు. పంచమవేదమని మనం పూజించే గ్రంథం, ధర్మాన్ని పరీక్షించడానికి రెండుసార్లు శునకాన్నే ఎన్నుకున్నది. ఇది యాదృచ్ఛికమని నేను భావించను.

ఈ పీఠిక ఎందుకంటే, ఇటీవల అనేక భక్తుల గృహాలలో ఒక ప్రశ్న వినబడుతున్నది. ఇంట పెంచుకుంటున్న శునకానికి తీరని అలెర్జీ వ్యాధి వచ్చింది. నిత్యం ఔషధాలు, స్నానాలు, పథ్యం తప్పడం లేదు. ధనమూ కాలమూ వ్యయమవుతున్నాయి. ఆ సమయాన్ని జపానికి, పారాయణకు వినియోగిస్తే శ్రేయస్కరం కాదా? పైగా జంతువుపై ఇంత శ్రమ పడటం మోహం కాదా? దాని ప్రారబ్ధాన్ని అది అనుభవించనీయవచ్చు కదా? ఈ ప్రశ్నలు తేలికైనవి కావు, అడిగేవారు కఠినహృదయులూ కారు. వారికి శాస్త్రహృదయానుసారంగా సమాధానం ఉన్నదని నా అభిప్రాయం.

ముందు వ్యాధి స్వరూపం తెలుసుకోవాలి. శునకాలలో విస్తారంగా కనిపించే దీర్ఘకాలిక చర్మవ్యాధిని పశువైద్యులు అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. ఇంటి ధూళిలోని సూక్ష్మమైన మైట్లు, పుప్పొడి, బూజు మొదలైనవాటికి శరీరం అతిగా ప్రతిస్పందించడమే ఇందుకు మూలం. సాధారణంగా ఆరు మాసాలకూ మూడేళ్లకూ మధ్య వయస్సులో ఇది బయటపడుతుంది. శునకం పాదాలను ఎడతెగక నాకుతుంది, ముఖాన్ని నేలకు రుద్దుతుంది, చెవులు విదిలిస్తుంది, చంకలలోనూ పొట్టపైనా ఎర్రని దద్దుర్లు లేస్తాయి. గోకి గోకి చీలిన చర్మంలో బాక్టీరియా, ఈస్ట్ పెరిగి దుర్గంధం వస్తుంది. ఫ్లీ అనే చిరుకీటకం కుట్టినప్పుడు దాని లాలాజలం వల్ల కలిగే అలెర్జీ వేరు, ఆహారం వల్ల కలిగే అలెర్జీ వేరు. రెండూ కలిసి ఉండవచ్చు కూడా. అటోపిక్ వ్యాధికి సాధారణంగా సంపూర్ణ నివారణ లేదు, నియంత్రణ మాత్రమే ఉన్నది. మన చర్చకంతా ఈ ఒక్క విషయమే ఆధారం.

ఇప్పుడు ప్రారబ్ధవాదాన్ని పరిశీలిద్దాం. దుఃఖానికి కర్మ కారణమని శాస్త్రం చెప్పింది నిజమే. కాని కర్మసిద్ధాంతం నా కష్టాన్ని నేను ఓర్చుకోవడానికి, నా ప్రవర్తనను నేను దిద్దుకోవడానికి ఇచ్చిన దీపం. పరుని కష్టం ఎదుట చేతులు ముడుచుకోవడానికి ఇచ్చిన అనుమతిపత్రం కాదు. జ్వరంతో ఉన్న కుమారుని విషయంలో ఎవరూ ప్రారబ్ధమని వైద్యుణ్ణి పిలవకుండా ఉండరు. మూగజీవి విషయంలోనే ఆ సిద్ధాంతం జ్ఞప్తికి వస్తున్నదంటే, అక్కడ పలుకుతున్నది వేదాంతం కాదు, అలసట. అలసట తప్పు కాదు. దానికి వేదాంతం అని పేరు పెట్టడమే తప్పు.

ఇంకొక సంగతి కూడా విచారింపదగినది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, బుల్‌డాగ్, పగ్ వంటి జాతులలో చర్మవ్యాధుల ప్రవృత్తి అధికం. ముడుతల ముఖం, అణగిన ముక్కు, ఫలానా వర్ణం కావాలని మానవుడు తరతరాలుగా సమీప బంధుత్వం గల శునకాలను జతకట్టించి ఈ జాతులను తీర్చిదిద్దాడు. రూపంతోపాటు రోగమూ వంశానుగతమైంది. అందుచేత ఆ శునకపు దురదలో మన కోరికకు కూడా భాగమున్నది. తన కామనాఫలాన్ని అన్యప్రాణి శరీరంపై మోపి, అనుభవవేళ అది దాని కర్మ అని తప్పుకోవడం ఏ న్యాయం?

తరువాతి ఆక్షేపం మరింత బలమైనది. భాగవతం పంచమస్కంధంలో భరతుని వృత్తాంతమున్నది. సింహగర్జనకు బెదిరి దూకిన తల్లిలేడి గర్భం నుంచి నదిలో జారిపడిన పిల్లను ఆయన రక్షించి, పెంచి, అంత్యకాలంలో దాన్నే స్మరించి లేడిగా జన్మించాడు. కనుక జంతుపోషణ సాధకునికి పతనహేతువని కొందరంటారు. కథను నిదానంగా చదివితే దోషం ఎక్కడున్నదో తెలుస్తుంది. నీట కొట్టుకుపోతున్న పసికూనను ఎత్తుకోవడాన్ని భాగవతం నిందించలేదు. క్రమంగా ఆయన యమనియమాలు, భగవదారాధన ఒక్కొక్కటిగా జారిపోయాయి. లేడి కనబడకపోతే మనస్సు తల్లడిల్లింది. "ఇది నాది" అన్న భావం హృదయంలో పాతుకుపోయింది. పతనానికి హేతువు మమకారం, దయ కాదు. అదే భాగవతం నవమస్కంధంలో రంతిదేవుడు నలభై ఎనిమిది దినాల ఉపవాసం తరువాత లభించిన ఆహారంలో మిగిలిన భాగాన్ని శునకాలతో వచ్చిన అతిథికి అర్పించి, ఆ శునకాలకూ వాటి యజమానికీ నమస్కరించాడు. ఒక పురాణం రెండు కథలూ చెప్పిందంటే, రెండింటినీ కలిపి గ్రహించడం మన విధి.

మోహానికీ దయకూ భేదాన్ని నిత్యజీవితంలో గుర్తించడం ఎట్లా? నాకు తోచిన గుర్తు ఒకటున్నది. మోహం తన తృప్తిని చూసుకుంటుంది, దయ ఎదుటి ప్రాణి హితాన్ని చూస్తుంది. దీనికి చక్కని నిదర్శనం పథ్యం. ఆహారపు అలెర్జీ ఉన్నదో లేదో తేల్చడానికి వైద్యుడు ఆ శునకం ఇంతకుముందు తినని ప్రోటీను గల ఆహారాన్నో, ప్రత్యేకంగా విచ్ఛిన్నం చేసిన ప్రోటీను గల ఆహారాన్నో కనీసం ఎనిమిది వారాలు మాత్రమే పెట్టమంటాడు. ఆ కాలంలో ఇంకేదీ నోట పడకూడదు. గోమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ తరచుగా అలెర్జీ కలిగించే ఆహారాలు. మన ఇళ్లలో జరిగేదేమిటి? అమ్మమ్మగారు జాలిపడి పెరుగన్నం ముద్ద పెడతారు, పిల్లలు బిస్కెట్టు విసురుతారు, ఆరువారాల శ్రమ ఒక్క క్షణంలో వ్యర్థమవుతుంది. ఆ ముద్ద పెట్టిన చేతిలో ప్రేమ లేదని అనలేం. కాని అది తోక ఊపినప్పుడు మనకు కలిగే ఆనందం కోసం పెట్టిన ముద్ద. ఆశగా చూస్తున్న కన్నుల ఎదుట పెట్టకుండా నిగ్రహించుకోవడమే అక్కడ దయ. ఏకాదశీవ్రతం పాటించే గృహానికి ఈ నియమం అర్థంకానిది కాదు. ఇంటిల్లిపాదీ కలిసి పట్టవలసిన వ్రతమిది.

ప్రసాదం విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. భగవన్నివేదితం కాబట్టి ఏ ప్రాణికైనా మేలే చేస్తుందన్న భావంతో లడ్డూ, చక్కెరపొంగలి శునకానికి పెట్టేవారున్నారు. వాటిలోని ఎండుద్రాక్ష శునకాల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. పాలు, నెయ్యి అలెర్జీ గల శరీరానికి పడకపోవచ్చు. వైశ్వానరుడు ప్రతి ప్రాణిదేహంలోనూ ఉన్నాడు. ఆ దేహానికి తగిన ఆహుతిని ఇవ్వడమే ఆరాధన. అట్లాగే శాకాహార గృహస్థులు కొందరు, వైద్యుడు సూచించిన మాంసాధారిత ఆహారాన్ని ఇంటికి తేవడానికి సంకోచిస్తారు. వారి ఆచారాన్ని నేను తక్కువ చేయను. శునకం పిండిపదార్థాలను కూడా జీర్ణించుకోగల ప్రాణి కనుక, పోషకలోపం లేకుండా రూపొందించిన ఆహారానికి గల ఇతర మార్గాలను వైద్యునితో చర్చించవచ్చు. కాని కేవలం పాలు, అన్నంతో రోగిష్ఠి శునకాన్ని పోషించి దాన్ని సాత్త్వికాహారమనడం సరికాదు. నియమం మనం స్వీకరించినది, దాని స్వభావం ప్రకృతి ఇచ్చినది. మన వ్రతానికి అది మూల్యం చెల్లించరాదు.

వైద్యాన్ని గురించి కూడా స్పష్టత ఉండాలి. అశ్వవైద్యానికి శాలిహోత్రుని, గజవైద్యానికి పాలకాప్యుని పేర్లు మన సంప్రదాయంలో ప్రసిద్ధం. ఒక్కొక్క జంతుజాతికి వేరు వైద్యం కావాలని మన పూర్వులు ఎరుగుదురు. కనుక మనుషుల మందును కుక్కకు వేయడం శాస్త్రీయమూ కాదు, సంప్రదాయమూ కాదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు శునకాలకు ప్రమాదకరం. మన సబ్బులు, షాంపూలు కూడా దాని చర్మానికి తగినవి కావు. స్టెరాయిడ్లు దురదను త్వరగా అణచివేస్తాయి గాని, పర్యవేక్షణ లేకుండా దీర్ఘకాలం వాడితే అతిదాహం, అత్యాకలి, అంటువ్యాధులు, హార్మోన్ల వికృతి కలుగుతాయి. ఓక్లాసిటినిబ్ మాత్రలు, లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్లు, అలెర్జీ కారకాలను స్వల్పమోతాదులో ఇచ్చి శరీరాన్ని అలవాటుపరచే ఇమ్యునోథెరపీ నేడు ఉన్నాయి. ఏది తగినదో వైద్యుడు నిర్ణయించాలి. తీర్థం ఇవ్వండి, ప్రార్థించండి, ఔషధాన్ని మానకండి. ఔషధం ఈశ్వరశక్తికి వెలి కాదు.

ఇక ఈ సేవ సాధనకు అడ్డమా? నా దృష్టిలో ఇది కర్మయోగానికి అరుదుగా లభించే పాఠశాల. తీరే రోగానికి చేసే సేవలో ఫలాపేక్ష తెలియకుండానే చేరుతుంది: పది దినాలు చేస్తే నయమవుతుంది, అందరూ మెచ్చుకుంటారు. తీరని రోగంలో ఆ ఆశకు తావు లేదు. ఉదయం నడకనుంచి రాగానే పాదాలు తుడవాలి. వైద్యుడు చెప్పిన ద్రవంతో చెవులు శుభ్రం చేయాలి. ఔషధస్నానంలో నురుగును పది నిమిషాలు ఒంటిపై నిలిపి అప్పుడు కడగాలి. పరుపు ఉతకాలి. ఏనాడు ఏమి తిన్నదో, ఎంత గోకినదో రాసుకోవాలి. ఇంత చేసినా ఋతువు మారగానే దురద మళ్లీ తిరగబెట్టవచ్చు. మరునాడు అదే శ్రద్ధతో ఆరంభించాలి. ఫలం చేతిలో లేదు, కర్మ చేతిలో ఉన్నది అన్న గీతోపదేశం పారాయణలో అర్థమయ్యే తీరు వేరు, ఈ స్నానఘట్టంలో అర్థమయ్యే తీరు వేరు. పైగా పండితుడు శునకమందు కూడా సమదృష్టి గలవాడై ఉంటాడని అదే గీత చెప్పింది. దుర్గంధం వచ్చే చెవిని ముట్టినప్పుడు ముఖం ముడుచుకుంటున్నదా లేదా అన్నదే మన సమదృష్టికి కొలత.

అయితే సేవకు మర్యాద ఉండాలి. వృద్ధులైన తల్లిదండ్రుల మందులు మరచి శునకపు మందులు గుర్తుపెట్టుకునేవాడు దయాళువు కాడు. అతడిది భరతుని మార్గమే. శక్తికి మించి ఋణం చేసి, ఇంటిని కలహమయం చేసి సాగించే చికిత్స కూడా వివేకం కాదు. వైద్యునితో తన శక్తిని దాచక చెప్పి, అందుబాటులో ఉన్న మార్గాన్ని నిలకడగా అనుసరించాలి. నియమితకాలంలో జపం, నియమితకాలంలో సేవ: రెండూ నిలుస్తాయి. ఇంటివారంతా పంచుకుంటే ఏ ఒక్కరి భుజమూ విరగదు.

కాని ఒకటి మాత్రం చేయరాదు. ఒళ్లంతా పుండ్లైన శునకాన్ని రాత్రివేళ బండిలో తీసుకుపోయి, ఊరి బయటో గుడి ముందో వదిలివచ్చేవారున్నారు. దేవుడే చూసుకుంటాడని వారి సమాధానం. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును నిష్కారణంగా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జీవులపట్ల కారుణ్యం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణం చెబుతున్నది. చట్టం చెప్పకముందే మన గృహ్యధర్మం ఆ మాట చెప్పింది: పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి, వైశ్వదేవానంతరం శునకాలకు, కాకులకు, క్రిమికీటకాలకు నేలపై అన్నముంచి గాని గృహస్థు భుజించరాదు. వీధిశునకానికే నిత్యం భాగమిమ్మన్న ధర్మం, గడపలోపలికి తెచ్చుకున్న శునకాన్ని వీధికి నెట్టమని చెబుతుందా?

మహాప్రస్థానంలో ఇంద్రుడు ధర్మరాజును ఒక సూటి ప్రశ్న అడిగాడు: సోదరులను, ద్రౌపదిని దారిలో విడిచావు, ఈ కుక్కను విడవలేవా? ధర్మజుని సమాధానం సారాంశం ఇది: వారు మరణించారు, వారిని బ్రతికించడం నా వశం కాదు, వారు జీవించి ఉండగా నేను విడువలేదు. ఇది జీవించి ఉన్నది, నన్ను ఆశ్రయించి ఉన్నది. రోగాన్ని తొలగించడం మన వశంలో ఉండకపోవచ్చు. ఆశ్రయించినదాన్ని విడవకుండా ఉండటం మన వశంలోనే ఉన్నది. ఆ రెండింటి భేదం తెలిసి, రెండవదాన్ని ప్రతిదినం మౌనంగా నెరవేర్చే గృహస్థునికి ఈ సేవవల్ల సాధన కుంటుపడదని నా దృఢవిశ్వాసం.