బీజమునకును వయస్సు గలదు



ఈ మాసమున వంటయింటి సంగతులను, కుట్టుపని సంగతులను ప్రక్కకుంచి, మన యిండ్లలో నెవ్వరును నోరు తెఱచి మాటాడని యొక విషయమును మీ ముందుంచుచున్నాము. వయస్సునకును సంతానప్రాప్తికిని గల సంబంధమే యా విషయము. దీనిని వ్రాయుటకు మమ్ము పురికొల్పినది మా తప్పే గావున, ముందుగా దానిని చెప్పుకొనుట న్యాయము.

మాకు పెదతల్లి కుమార్తె యొకతె కలదు. తండ్రి గతించిన పిమ్మట ఇద్దఱు తమ్ములను చదివించి, తాను కళాశాలలో అధ్యాపకురాలై, 34వ యేట వివాహమాడినది. ఆ సంవత్సరము సంక్రాంతికి మా యింటికి వచ్చి, "బిడ్డల మాట రెండు మూడేండ్లు ఆగుదమని యనుకొనుచున్నామే. నీవేమందువు?" అని యడిగెను. "తొందర యేమున్నది అక్కా? అఱువదియేండ్లవారికిని బిడ్డలు కలుగుచున్నారని పత్రికలలో చదువుచునే యున్నాము గదా! ఇప్పటి వైద్యమునకు సాధ్యము కానిదేమున్నది?" అని మేము నిశ్చింతగా బదులు చెప్పితిమి.

అక్కకు ఇప్పుడు 40వ యేడు. మూడేండ్ల నుండి వైద్యుల చుట్టు తిరుగుచున్నది. రెండు మారులు గర్భము వచ్చి రెండవ నెలలోనే పోయినది. కడచిన మాసమున ఆమె మాతో, "తెలిసియుండినను ఆగియుందునేమో చెప్పలేను. కాని తెలిసి ఆగుట వేఱు, తెలియక ఆగుట వేఱు. ఇంత చదివితిని, నాకీ మాట ఎవ్వరును చెప్పలేదేమే?" అనెను. ఆమె మమ్ము నిందింపలేదు. ఆనాటి మా మాట ఆమెకు జ్ఞాపకమున్నదో లేదో యెఱుగము. మాకు మాత్రము జ్ఞాపకమున్నది. ఆమె యనుమతి గైకొనియే దీనిని వ్రాయుచున్నాము.

వయస్సు మాట మన పూర్వులకు తెలియనిది గాదు. విత్తు మొలకెత్తుటకు వలెనే గర్భము నిలుచుటకును ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును గూడవలెనని సుశ్రుత సంహిత చెప్పును. రజస్సు 12వ యేట మొదలై 50వ యేట ఉడుగునని కూడ నా గ్రంథమే చెప్పును. అయితే మనుస్మృతి స్త్రీని క్షేత్రముగను, పురుషుని బీజముగను వర్ణించినది. ఆ యుపమానము లోకుల మనస్సున నాటుకొన్నది. పొలము ఏటేట పండునదే గదా యను భ్రమకును, బిడ్డలు కలుగనిచో పొలమునే నిందించు నలవాటునకును అది యూతమైనది. స్త్రీయందును బీజము కలదని కన్నులార చూచి చెప్పుట 1827వ సంవత్సరముననే సంభవించినది. కార్ల్ ఎర్నస్ట్ వాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు ఆ యేట కుక్క యండాశయమునందు అండమును కనుగొనెను.

ఈ రెండు బీజములకును గొప్ప భేదము గలదు. పురుషుని బీజము ఎప్పటికప్పుడు క్రొత్తగా పుట్టుచుండును. ఒక్కొక్కటి సిద్ధమగుటకు సుమారు రెండున్నర మాసములు పట్టును. స్త్రీ బీజము అట్లు గాదు. ఆడుశిశువు తల్లి కడుపులో నున్నప్పుడే ఆమె జీవితమునకు కావలసిన యండములన్నియు ఏర్పడును. అయిదవ మాసమున అవి 60, 70 లక్షల వఱకు నుండును. పుట్టునప్పటికి 10 లేక 20 లక్షలగును. రజస్వల యగునాటికి మూడు నాలుగు లక్షలు మిగులును. 37వ యేటికి సుమారు 25 వేలును, ముట్లుడుగునాటికి సుమారొక వేయియు నుండును. వీనిలో నెలకొక్కటి చొప్పున పక్వమై వెడలునవి జీవితము మొత్తమున 400, 500 మాత్రమే. మిగిలినవి తమంత తామే క్షీణించును. బిడ్డలను కన్నను కనకున్నను, ఆరోగ్యముగ నున్నను, యోగాభ్యాసము చేసినను ఈ తఱుగుదల ఆగదు. పొగాకు ధూమము దీనిని మఱింత త్వరపెట్టును.

లెక్క తగ్గుట యొక సంగతి; గుణము తగ్గుట అంతకంటె ముఖ్యమైన సంగతి. గాదెలో దాచిన పాత విత్తనమునకు మొలక తగ్గునని మన రైతుగృహిణులందఱు నెఱుగుదురు. అండము తన విభజనమును శిశుదశలోనే ఆరంభించి, నడుమ నాపి, తన వంతు వచ్చువఱకు ఇరువది, ముప్పది, నలువది యేండ్లు వేచియుండును. అంతకాలము లోపలి క్రోమోజోముల జంటలను కూర్చి పట్టుకొనియుండు బంధనములు కాలముతో సడలును. అప్పుడు 23 ఉండవలసిన చోట ఒకటి యెక్కువయో తక్కువయో యగును. అట్టి యండము ఫలింపకపోవచ్చును. ఫలించినను గర్భస్రావము కావచ్చును. కొన్ని మారులు డౌన్ సిండ్రోమ్ గల శిశువు జనింపవచ్చును. ఈ చివరి దాని సంభవము తల్లికి 25 యేండ్లప్పుడు సుమారు 1,250 మందిలో నొకరికి, 40 యేండ్లప్పుడు సుమారు నూర్గురిలో నొకరికి నుండును. ఇరువదులలో నున్న స్త్రీకి ఒక్కొక్క నెలలో గర్భము నిలుచు నవకాశము నాలుగైదింట నొకటి యైనచో, 40వ యేట ఇరువదింట నొకటి మాత్రమే. గర్భస్రావములును వయస్సుతో పెరిగి, 45 దాటిన పిదప సగమునకు మించును. అక్కకు రెండు మారులు జరిగినది దేవతాకోపమును గాదు, ఆమె మెట్లెక్కినందునను గాదు.

అయినచో పత్రికలలో చదివిన యా వృద్ధమాతల మాట యేమి? అది యసత్యము గాదు, సగము సత్యము. గర్భాశయము అండములంత త్వరగా ముదియదు. పడుచుస్త్రీ దానము చేసిన యండమును తీసికొని, పిండము చేసి ప్రవేశపెట్టినచో, పెద్దవయస్సునను గర్భము నిలువవచ్చును. అట్టి కాన్పులలో దాదాపన్నియు నిట్టివే. శిశువు ఫోటోను అచ్చువేయు పత్రిక, అండము మఱియొకరిదని చెప్పుట తఱచుగా మఱచును. మేమును అట్లే మోసపోయి మఱియొకరిని మోసపుచ్చితిమి. సొంత యండముతో చేయు పరీక్షానాళికా విధానమైనను వయస్సును జయింపజాలదు. ముదిసిన యండమును లేత చేయు నౌషధము నేటికిని లేదు. మన దేశమున 2021 నాటి చట్టము ఇట్టి చికిత్సలకు స్త్రీకి 50, పురుషునికి 55 యేండ్లు హద్దుగా నిర్ణయించినది.

ఇక భయపడువారికి ఒక మాట. 35వ పుట్టినదినమున తలుపు మూసికొనునని కొందఱు చెప్పుదురు. అదియు నిజము గాదు. 1982లో ఫ్రాన్సు దేశమున, భర్తలకు శుక్రకణములు లేనందున దాత బీజముతో చికిత్స పొందిన 2,193 మంది స్త్రీలను పరిశీలించిరి. 12 మాసముల చికిత్సలో గర్భము నిలిచినవారు 25 యేండ్లలోపున నూటికి 73గురు, 26 మొదలు 30 వఱకు 74గురు, 31 మొదలు 35 వఱకు సుమారు 61గురు, 35 దాటినవారిలో సుమారు 54గురు. కాబట్టి ఇది కొండచఱియ గాదు, దిగుడు మార్గము. ముప్పదుల నడుమ దాటిన పిదప వాలు హెచ్చును, నలువది దాటిన పిమ్మట మిక్కిలి హెచ్చును. వాలు ఎచ్చట నున్నదో తెలిసినవాడు జాగ్రత్తగా నడచును, తెలియనివాడు జారిపడును.

తెలియమి మన దేశమున మాత్రమే లేదు. 2013లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, 79 దేశములకు చెందిన పదివేల పైచిలుకు స్త్రీపురుషులను సంతానశక్తిని గూర్చి ప్రశ్నింపగా, సరియైన యుత్తరములు సగటున నూటికి 57 మాత్రమే వచ్చినవి. 2006లో స్వీడను దేశపు విశ్వవిద్యాలయ విద్యార్థులను విచారింపగా, వారును పెద్దవయస్సునందలి యవకాశమును ఉన్నదానికంటె మిక్కిలిగా నెంచిరి. పెద్దచదువు దీనికి మందు గాదని మా యక్క మాటయు సాక్ష్యము చెప్పుచున్నది.

చెప్పుటయందును విధము గలదు. 2001లో అమెరికా సంతానవైద్యుల సంఘమువారు పాలసీసాను ఇసుకగడియారము వలె చిత్రించి ప్రకటనలు వేయించిరి. స్త్రీలను బెదరించుచున్నారని అచ్చటి మహిళాసంఘము ఆక్షేపించెను. 2016లో ఇటలీ ప్రభుత్వము సెప్టెంబరు 22వ తేదీని సంతానశక్తి దినముగా నేర్పఱచి, చేత ఇసుకగడియారము పట్టిన యువతి బొమ్మతో, అందమునకు వయస్సు లేదు గాని సంతానశక్తికి కలదను భావము గల ప్రకటనలు వెలువరించెను. ఉద్యోగము నిలుకడ లేదు, శిశువును విడుచుటకు చోటు లేదు, మేమేల యాలస్యము చేయుచున్నామో మీకు తెలియదా యని జనులు కోపించిరి. ఆ ప్రకటనలను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. చెప్పిన సంగతి సత్యమే. చెప్పిన స్వరము నిందాస్వరము. నిందతో గూడిన సత్యము చెవిలోనికి పోదు.

మన నాట ఈ సత్యమును కొరడాగా నుపయోగింపగోరువారు వేఱు విధమున నున్నారు. "చూచితిరా, అందుచేతనే పిల్లకు త్వరగా పెండ్లి చేయవలెను" అని వారందురు. వారికి మా సమాధానమిది. 16 యేండ్లు నిండని స్త్రీయందు 25 యేండ్లు నిండని పురుషునివలన నిలిచిన గర్భము కడుపులోనే నశించుననియు, బ్రతికినను దుర్బలమగుననియు సుశ్రుత సంహితయే హెచ్చరించినది. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 యేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే వివాహమైనట్లు తేలినది. లేతకాయను కోయుటయు తప్పే, పండిన కాలము తెలియనీయకుండుటయు తప్పే. ఇరువదులు మొదలు ముప్పదుల నడిమి వఱకు చాల కాలమున్నది. చదువును, కొలువును, వివాహమును అందులో నెట్లు సర్దుకొనవలెనో నిర్ణయించుకొను హక్కు ఆ పిల్లలదే. తెలియజేయుట మాత్రము మన విధి.

ఎవ్వరికి తెలియజేయవలెను? కుమార్తెలకే గాదు, కుమారులకును. పురుషుని శక్తి యుడుగకున్నను బీజగుణము వయస్సుతో తగ్గును. తండ్రి వయస్సు ఒక్కొక్క యేడు పెరిగిన కొలది బిడ్డకు సంక్రమించు క్రొత్త జన్యుమార్పులు సుమారు రెండు చొప్పున పెరుగునని 2012లో ఐస్లాండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సంతానము కలుగని దంపతులలో ఇంచుమించు సగమందికి పురుషుని లోపమును కారణమై యుండును. అయినను మా యక్క భర్త పరీక్ష చేయించుకొనుటకు రెండేండ్లు పట్టినది. అంతవఱకు ముడుపులు కట్టినది, ఉపవాసములుండినది, సూదులు పొడిపించుకొనినది అక్క యొక్కతెయే. ఆ రెండేండ్లును ఆమెకు 37, 38 యేండ్లు. పురుషుని పరీక్ష ఒక్క పూటలో నగునది, నొప్పి లేనిది. దానిని మొదటనే చేయింపవలెను.

కావున చదువరులు జ్ఞాపకముంచుకొనవలసిన కొలతలివి. భార్యకు 35 లోపైనచో ఒక సంవత్సరము ప్రయత్నించియు ఫలము లేకున్న దంపతులిద్దఱును వైద్యుని చూడవలెను. 35 దాటినచో ఆఱు మాసములు చాలును. 40 దాటినచో ఆగనే కూడదు. ఋతువు క్రమము తప్పినవారును, అండాశయమునకు శస్త్రచికిత్స జరిగినవారును వయస్సు నెంచక ముందే పోవలెను. అండములను శీతలీకరించి దాచు పద్ధతియు నేడు గలదు. అది ముప్పదుల తొలినాళ్లలో చేసిన మేలు. నలువది దగ్గఱ చేసిన ప్రయోజనము స్వల్పము. ఎప్పుడు చేసినను బిడ్డకు పూచీ గాదు. వ్యయమును మిక్కుటము. రక్తపరీక్షచే అండాశయపు నిల్వను చెప్పువారున్నారు గాని, అది లెక్కను సూచించును, గుణమును చెప్పదు. ఆ కాగితమును చూచి గర్వింపను వద్దు, క్రుంగను వద్దు.

ఇంత చెప్పియు ఒక మాట చెప్పకున్న దోషమగును. అన్నియు తెలిసియు, అన్నియు చేసియు, బిడ్డలు కలుగని దంపతులుందురు. బిడ్డలు వద్దనుకొను దంపతులును ఉందురు. పేరంటమున వారిని వెనుకకు నెట్టుటకు గాని, "విశేషమేమైన గలదా?" యని గ్రుచ్చి యడుగుటకు గాని ఈ వ్యాసము ఆయుధము కాకుండుగాక.

మా వారి పాఠశాల పుస్తకమున అండాశయపు బొమ్మ యున్నది, భాగముల పేర్లున్నవి. వయస్సు మాట యున్నదాయని వెదకితిమి, కనబడలేదు. పుస్తకము చెప్పువఱకు ఇల్లు చెప్పవలెను. బిడ్డలు పదునెనిమిది, ఇరువది యేండ్ల వారైనప్పుడు, పెండ్లి మాటతో ముడిపెట్టక, ఒక తీరిక సాయంకాలమున తల్లియో, పినతల్లియో, అక్కయో చెప్పవలెను. అక్కకు మేము ఆ సంక్రాంతినాడు చెప్పవలసిన మాటను ఆఱేండ్లు ఆలస్యముగ మీకు చెప్పుచున్నాము. మీరు మీ వారికి ఆలస్యము చేయకుందురని మా యాశ.