ఇంటి పెత్తనము – పెంపకము



భార్య మాట చెల్లు నింటిని గూర్చి లోకము రెండు మాటలనును: భర్త చేతగానివాడు, భార్య గయ్యాళి. పెత్తనము పురుషునకు పుట్టుకతో వచ్చినదనియు, స్త్రీకది యెరువు సొమ్మనియు మనకు చిన్ననాటనే నూరిపోసిరి. ఇది నిజమేనా?

మేఘాలయలోని ఖాసీలలో బిడ్డలకు తల్లి వంశనామమే వచ్చును. పూర్వార్జితమైన యిల్లు కడగొట్టు కూతురునకు చెందును. ఆమె భర్త యత్తవారింటనే కాపురముండుట వాడుక. టాంజానియాలోని మసాయిలలో పెత్తనమంతయు పురుషులదే. ఈ రెండు జాతులవారిని పోల్చిన పరిశోధన యొకటి 2009లో వెలువడినది. బంతులను బాల్చీలో పడునట్లు విసరవలెను. పడిన బంతికింత యని పుచ్చుకొనవచ్చును. లేదా, యెదుటివారితో పోటీపడి, గెలిచినచో మూడింతలు పొందవచ్చును. మసాయిలలో పురుషులు నూటికి 50 మందియు, స్త్రీలు 26 మందియు పోటీని కోరిరి. ఖాసీలలోనో, పురుషులు 39 మంది, స్త్రీలు 54 మంది! చొరవకు పుట్టుకయే కారణమైనచో లెక్క యిట్లు తారుమారు కాదుగదా.

అయినను ఖాసీ స్త్రీ సర్వాధికారిణి కాదు. కడగొట్టు కూతురునకు ఇంటితోపాటు వృద్ధులైన తలిదండ్రుల పోషణభారమును సంక్రమించును. ముఖ్యవిషయములలో మేనమామ మాటకు విలువ హెచ్చు. పూర్వాచారము ప్రకారము గ్రామసభలో స్త్రీకి చోటులేదు. గడప లోపల ధైర్యము నేర్పిన సంఘమే గడప వెలుపల హద్దు గీచినది.

ఇక మన యిండ్ల సంగతి. అణగియుండుటయే నేర్చిన పిల్లకు పెద్దయైన పిదప పెత్తనము చేతికివచ్చినచో నేమగును? కొందరు దానిని దాచుకొందురు. తామే సంపాదించి, తామే నిశ్చయించియు "వారినడిగి చెప్పెద" మందురు. మరికొందరు తాము పడిన గద్దింపులనే భర్తపైనను కోడలిపైనను ప్రయోగింతురు. వారి స్వభావము చెడ్డదని కాదు. ఆజ్ఞాపించుట తప్ప పెత్తనమునకు వేరు రూపమును వారెన్నడును చూచియుండలేదు.

కావున మార్పు పెత్తనము చేతికి వచ్చిననాడు గాక, బాల్యముననే మొదలు కావలయును. పండ్రెండేండ్ల కూతురున కొక నెల యింటి పద్దు నప్పగింపుడు. లెక్క తప్పినను తిరిగి లాగుకొనకుడు. ఖర్చు విషయమున నామె యభిప్రాయ మడుగుడు. కాదన్నచో కారణము చెప్పుడు. అక్క మాట వినుట చిన్నతనము కాదని కుమారునకును తెలుపుడు.

అట్లు పెరిగిన యాడుపిల్ల రేపు తన యింట పెద్దరికము వహించినపుడు దాచదు, గద్దింపదు. పదిమందితో నాలోచించి నడపును.