గేటు దగ్గర బాబాయ్‌కి కూడా ఒక చట్టం ఉంది

ఏలూరులో రాత్రి పది దాటాక బండి మీద ఒక రౌండ్ వేయండి. ఆర్ఆర్ పేటలో షట్టర్లు దించిన షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన. ఏటీఎం పక్కన మఫ్లర్ చుట్టుకుని ఇంకొకాయన. ఆసుపత్రి గేటు, కాలేజీ గేటు, కల్యాణ మండపం పార్కింగ్, కొత్త అపార్ట్‌మెంట్ సెల్లార్... ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఉంటారు. భుజం మీద ఏదో ఒక ఏజెన్సీ బ్యాడ్జీ ఉంటుంది. తాడేపల్లిగూడెం వెళ్లినా ఇదే సీను. మనం వాళ్లందరినీ కలిపి 'సెక్యూరిటీ' అనేస్తాం.

మరి ఈ సెక్యూరిటీ మీద అజమాయిషీ ఎవరిది? ఎవరు పడితే వాళ్లు నాలుగు జతల యూనిఫాం కుట్టించి, ఒక బోర్డు పెట్టేసి, మన గేటు దగ్గరకి మనుషుల్ని పంపొచ్చా? పంపకూడదు. దీనికి ఒక చట్టం ఉంది. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005. ఆ ఫీల్డులో వాళ్లు దీన్ని ముద్దుగా 'పసారా' అంటారు. ఇరవై ఏళ్లు దాటిన చట్టమే. కానీ మన అపార్ట్‌మెంట్ మీటింగుల్లో దీని పేరు ఎప్పుడైనా విన్నారా?

లైసెన్స్ లేకుండా బోర్డు పెట్టకూడదు

ముందు అసలు సంగతి. గార్డుల్ని సప్లై చేసే వ్యాపారానికి లైసెన్స్ తప్పనిసరి. దాన్ని ఇచ్చేది రాష్ట్రం. హోంశాఖలో జాయింట్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారినో, దానికి సమానమైన హోదా ఉన్న అధికారినో కంట్రోలింగ్ అథారిటీగా పెట్టాలని చట్టం చెబుతోంది. ఫీజు కూడా చట్టంలోనే రాసి ఉంది. ఒక్క జిల్లాకైతే 5 వేలు, ఐదు జిల్లాల దాకా 10 వేలు, రాష్ట్రం మొత్తానికి 25 వేలు. ఐదేళ్లు చెల్లుతుంది.

లైసెన్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. హైదరాబాద్‌లో పెద్ద పేరున్న ఏజెన్సీ అయినా సరే, తెలంగాణ లైసెన్స్ చూపించి ఏలూరులో గార్డుల్ని పెట్టడానికి కుదరదు. ఆంధ్రప్రదేశ్ లైసెన్స్ వేరేగా ఉండాలి. ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనిపించే చోట పెట్టాలి కూడా. అంటే 'మీ లైసెన్స్ ఏదండీ?' అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. గోడ మీద ఉండాల్సిన దాన్నే మీరు అడుగుతున్నారు.

లైసెన్స్ లేకుండా నడిపితే? ఏడాది దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడండి. రాష్ట్రమంతటికీ లైసెన్స్ తీసుకుంటే అయ్యే ఫీజు 25 వేలు. తీసుకోకుండా దొరికిపోతే పడే జరిమానా కూడా ఎక్కువలో ఎక్కువ 25 వేలు. జైలు మాట పక్కన పెడితే, తప్పు చేసేవాడిని ఈ అంకె ఏం భయపెడుతుంది?

160 గంటల ట్రైనింగ్ ఎక్కడ?

ఏజెన్సీతో పాటు గార్డుకి కూడా చట్టం అర్హతలు పెట్టింది. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. నడవడిక, గత చరిత్ర వెరిఫై అయి ఉండాలి. ట్రైనింగ్ పూర్తి చేసి ఉండాలి. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ఆ ట్రైనింగ్ క్లాసులో 100 గంటలు, ఫీల్డులో 60 గంటలు. కనీసం 20 పని దినాలు. మిలిటరీ, పోలీస్ రిటైర్డ్ వాళ్లకైతే ఇంతకంటే తక్కువ.

సిలబస్ చూస్తే ఆశ్చర్యపోతారు. మంటలు ఆర్పడం, ఫస్ట్ ఎయిడ్, జనాన్ని కంట్రోల్ చేయడం, గుర్తింపు కార్డులు చదవడం, అనుమానాస్పద వస్తువుల్ని పసిగట్టడం, ఎఫ్ఐఆర్ ఎలా ఇస్తారో తెలుసుకోవడం. ప్రతి 15 మంది గార్డులకీ కనీసం ఒక సూపర్‌వైజర్ ఉండాలి. ఏడాదికోసారి గార్డుకి మెడికల్ చెకప్ చేయించాలి. ఫోటోతో ఐడీ కార్డు ఇవ్వాలి. యూనిఫాంకి బ్యాడ్జీ, తాడుతో విజిల్, లేసులున్న బూట్లు... ఇంత వివరంగా రాశారు.

ఇప్పుడు మీ గేటు దగ్గరకి రండి. విజిల్ ఉంటుంది, బ్యాడ్జీ ఉంటుంది. మిగతా 160 గంటలు? లిఫ్టులో మంట వస్తే గోడకి వేలాడుతున్న ఎర్ర సిలిండర్ పిన్ను ఎలా లాగాలో ఆయనకి ఎవరైనా ఒక్కసారి చూపించారా? ఇది ఆయన తప్పు కాదు. నిన్నటిదాకా పొలం పనికో హోటల్ పనికో వెళ్లిన మనిషికి సాయంత్రం చొక్కా ఇచ్చి, రాత్రికి డ్యూటీ వేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? దొంగతనం జరిగితే మాత్రం మొదటి అనుమానం ఆయన మీదే, మొదటి తిట్లూ ఆయనకే.

పోలీస్ కాదు, పోలీస్‌లా కనిపించకూడదు

కాలేజీ కుర్రాళ్లకి పనికొచ్చే పాయింట్ ఇది. సెక్యూరిటీ గార్డుకి పోలీస్ అధికారాలు లేవు. ఆర్మీ, పోలీస్ యూనిఫాం కానీ, చూడ్డానికి అలాగే ఉండే డ్రెస్ కానీ వేయకూడదు. వేస్తే గార్డుతో పాటు ఏజెన్సీ ఓనర్‌కి కూడా ఏడాది దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

లోపలికి వచ్చే వాళ్లని ఐడీ చూపించమనడం, రిజిస్టర్‌లో సంతకం పెట్టమనడం ఆయన డ్యూటీ. ఫోన్ లాక్కుని గ్యాలరీ వెతకడం, గదిలో పెట్టి కొట్టడం డ్యూటీ కాదు. కళ్లెదుట తీవ్రమైన నేరం, అంటే బెయిల్ హక్కుగా దొరకని, పోలీసులు వారెంట్ లేకుండా పట్టుకోగలిగే నేరం జరిగితే పట్టుకునే హక్కు మామూలు పౌరుడికి ఎంత ఉందో గార్డుకీ అంతే. అలా పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపు పోలీసులకి అప్పగించాలని కొత్త బీఎన్ఎస్ఎస్ 40వ సెక్షన్ చెబుతోంది. ట్రైనింగ్ లేని గార్డుకి ఈ గీత ఎక్కడుందో తెలియదు. తెలియక దాటితే కేసు పడేది ఆయన మీదే.

డబ్బుకి ఉన్న రూల్ మనిషికి లేదా?

2018లో కేంద్రం క్యాష్ వ్యాన్ల కోసం ఇదే చట్టం కింద ప్రత్యేక నియమాలు తెచ్చింది. 2019 ఫిబ్రవరి నుంచి అమలు. వ్యాన్‌లో ఆయుధాలతో ఇద్దరు గార్డులు, జీపీఎస్, ట్రిప్పుకి 5 కోట్లు మించకూడదు. పట్టణాల్లో రాత్రి 9 తర్వాత, పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదు. మంచి రూల్సే.

కానీ చూడండి, నోట్లకి సాయంత్రం ఆరింటికి డ్యూటీ అయిపోయింది. అదే ఏటీఎం పక్కన కుర్చీలో ఉన్న మనిషికి డ్యూటీ ఎప్పుడు అవుతుంది? చాలా చోట్ల పన్నెండు గంటలకి. అదీ వారానికి ఏడు రోజులు.

ఈ లెక్క చిన్నపిల్లలు కూడా వేయగలరు. ఒక గేటుకి రోజంతా కాపలా అంటే వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పని చేస్తే ఆ గేటుకి ముగ్గురున్నర మంది కావాలి. కొటేషన్‌లో మాత్రం ఇద్దరే ఉంటారు. ఒక్కొక్కరికి 84 గంటలు. తెల్లారుజామున మూడింటికి ఆయన కునుకు తీశాడని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఈ 84 గుర్తు చేసుకోండి.

నిజానికి చట్టంలో దీనికి ఒక తాళం చెవి ఉంది. కనీస వేతనం, పీఎఫ్, బోనస్, గ్రాట్యుటీ లాంటి కార్మిక చట్టాల జాబితాని పసారాకి చివర్లో జత చేశారు. వాటిని ఉల్లంఘిస్తే ఏజెన్సీ లైసెన్సే రద్దు చేయొచ్చు. గార్డుల పేర్లు, చిరునామాలు, ఫోటోలు, జీతాలు రిజిస్టర్‌లో రాయాలి, అధికారులు వచ్చి తనిఖీ చేయొచ్చు. ఆ రిజిస్టర్‌లో రాసిన జీతం, బాబాయ్ చేతికొచ్చే జీతం ఒకటేనా అన్నదే అసలు ప్రశ్న.

కొల్లేరు గట్టు మీద ఏ బ్యాడ్జీ లేదు

ఏలూరు దాటి కైకలూరు, ఆకివీడు వైపు వెళ్తే కాపలా రూపమే మారిపోతుంది. చేపల చెరువు గట్టు మీద చిన్న పాక, టార్చిలైటు, ఒక కుక్క. రాత్రంతా ఒక్కడే. చేపల దొంగతనం, చెరువులో విషం కలిపేస్తారేమోనన్న భయం ఓనర్‌వి. పాములు, తడి గట్టు మీద ఏరియేటర్ల కరెంటు తీగలు కాపలా మనిషివి.

ఈయనకి పసారా పెద్దగా ఉపయోగపడదు. ఎందుకంటే ఈ చట్టం గార్డుల్ని సప్లై చేసే ఏజెన్సీల్ని నియంత్రిస్తుంది. చెరువు ఓనరో లీజుదారో నేరుగా పెట్టుకున్న మనిషికి మధ్యలో ఏజెన్సీయే లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుటుంబంతో ఉంటూ మోటారు వేసి, కార్లు తుడిచే వాచ్‌మన్‌దీ ఇదే పరిస్థితి. ట్రైనింగ్ అడిగేవాడు లేడు, రిజిస్టర్ తనిఖీ చేసేవాడూ లేడు. కాపలా కాసేవాళ్లలో అందరికంటే ఒంటరిగా ఉన్నవాళ్లే చట్టం గొడుగు బయట ఉండిపోయారు.

కనీసం ఒక పని మన చేతిలో ఉంది. ఈ-శ్రమ్ కార్డుకి ఫోన్‌లోనే రిజిస్టర్ చేయొచ్చు, 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులకి అది వర్తిస్తుంది. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. స్మార్ట్‌ఫోన్ మీ చేతిలో ఉంది, ఆయన చేతిలో టార్చిలైటే ఉంది. పది నిమిషాల పని మీరే చేసిపెట్టండి.

మీటింగ్‌లో అడగాల్సినవి

ఏజెన్సీని మార్చేటప్పుడో రెన్యూవల్ అప్పుడో అసోసియేషన్ గ్రూపులో ఈ నాలుగు అడగండి. ఏపీ లైసెన్స్ కాపీ ఏది, గడువు ఎప్పటిదాకా? మా గేటుకి వచ్చే గార్డుల ట్రైనింగ్ సర్టిఫికెట్లు, వెరిఫికేషన్ ఏవి? పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలానాలో వాళ్ల పేర్లు ఉన్నాయా? వీక్లీ ఆఫ్ రోజు ఎవరు వస్తారు? పీఎఫ్ పడుతోందో లేదో బాబాయ్ యూఏఎన్ నంబర్‌తో ఉమంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. అది కూడా మీరే చూపించండి.

'ఇవన్నీ అంటే మెయింటెనెన్స్ పెరిగిపోద్దండీ' అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, పెరుగుతుంది. ఎంతో చూద్దాం. మాట వరసకి ఒక గార్డుకి అన్నీ కలిపి నెలకి 15 వేలు అనుకోండి. ఇద్దరి బదులు ముగ్గురున్నర మంది అంటే అదనంగా 22,500. అరవై ఫ్లాట్లుంటే ఫ్లాటుకి 375 రూపాయలు. ఒక ఆదివారం బిర్యానీ ఆర్డర్ అంత.

తక్కువ కొటేషన్‌కే ఓటేస్తే ఏజెన్సీ ముందు కోసేది ట్రైనింగ్‌ని, తర్వాత జీతాన్ని, ఆ తర్వాత నిద్రని. ఇన్‌స్పెక్టర్ ఏడాదికి ఒకసారి వస్తాడో రాడో కానీ, చెక్కు మీద సంతకం ప్రతి నెలా అసోసియేషనే పెడుతుంది. ఆ సంతకం పెట్టేముందు అడిగే నాలుగు ప్రశ్నలకి ఏ జీవో అక్కర్లేదు.