ఓటు లేని పొరుగువాడు

పంజాగుట్ట కూడలి మొదలుకొని అమీర్‌పేట మీదుగా మైత్రీవనము దాక కాలినడకన అరగంట దారి. ఆ దారికి ఒక కొసన, నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు దూరపు జిల్లాలనుండి రోగులను వెంటబెట్టుకొని వచ్చి, రోజుల తరబడి ఆసుపత్రి పరిసరములలోనే కాలము గడుపు బంధుజనులు. మరియొక కొసన, ఆదిత్య ఎన్‌క్లేవు చుట్టునున్న సందులలో జావా, పైథాన్, డేటా సైన్సు పాఠములకై ఫీజు చెల్లించి, హాస్టలు గదికి నలుగురైదుగురు చొప్పున తలదాచుకొను పట్టభద్రులు. నడుమ, బట్టల దుకాణములలో పొద్దస్తమానము నిలువుకాళ్లపై పనిచేయు అమ్మాయిలును, వీరందరి ఆకలి తీర్చు టిఫిను బండ్లవారును. ఈ జనసమూహమే అమీర్‌పేటకు అమీర్‌పేట యను పేరును సార్థకము చేయుచున్నది. ఇక్కడి భవనముల అద్దెలును, దుకాణముల బేరములును ఈ జనముపైననే నిలిచియున్నవి. అయినను వీరిలో పెక్కుమంది పేర్లు ఇక్కడి ఓటరు జాబితాలో కానరావు. వారి ఓటు కరీంనగరములోనో, కడపలోనో, శ్రీకాకుళములోనో ఉన్నది. వారి బ్రదుకు మాత్రము ఇక్కడ గడచుచున్నది.

ఈ వారము నేను విన్నవింపదలచినది ఒక్కటే మాట. ఒకచోట నివసించు మనుష్యునకు, వాని ఓటు ఎక్కడనున్నను, ఆ చోటి వీథిని గూర్చియు, నీటిని గూర్చియు, దీపమును గూర్చియు నోరు విప్పి చెప్పుకొను హక్కును, చెప్పినదానిని వినవలసిన సభయు ఉండితీరవలెను. అట్టి సభ లేనిచోట పరిపాలన ఉండవచ్చును గాని స్థానిక స్వపరిపాలనమనునది ఉన్నదని చెప్పజాలము.

ఈ నగరమునకు పౌరపాలనము కొత్తది కాదు. నిజాము దివాను మొదటి సాలార్‌జంగు కాలమున, 1869లో, నగర పారిశుద్ధ్యమునకును రహదారులకును ప్రత్యేకశాఖ ఏర్పడినది. 1934లో తొలి పురపాలక ఎన్నికలు జరిగినవి. హైదరాబాదు సంస్థానము భారతదేశమున లీనమైన పిమ్మట, ఆంధ్రపితామహుడని ప్రజలు గౌరవించిన మాడపాటి హనుమంతరావుగారు 1951లో ఈ నగరమునకు మేయరు పదవి నలంకరించిరి. గ్రంథాలయములను, బాలికల పాఠశాలను, ఆంధ్రజనసంఘమును పెంచిపోషించిన చేతులే పురపాలకసంఘపు పగ్గములను పట్టుట ఆ తరమువారి దృష్టిలో సహజమైన పరిణామముగా నుండెను. ఏలయనగా సంఘజీవనము వేరు, పురపాలనము వేరు అను భావము వారికి లేదు. 1955లో నగరపాలక సంస్థల చట్టము వచ్చినది. 1960 ఆగస్టు 3న హైదరాబాదు, సికింద్రాబాదు సంస్థలు రెండును ఏకమైనవి. 2007 ఏప్రిల్ 16న చుట్టునున్న 12 పురపాలక సంఘములను కలుపుకొని బృహత్ హైదరాబాదు మహానగరపాలక సంస్థ అవతరించినది.

విస్తీర్ణము పెరిగినంతగా ప్రజాపాలన సంప్రదాయము పెరుగలేదనుటకు మాత్రము చరిత్రయే సాక్షి. 1986లో ఎన్నికలు జరిగిన తరువాత మరల ఎన్నికలు చూచుటకు నగరవాసులు 2002 వరకు నిరీక్షింపవలసివచ్చెను. 2007లో పుట్టిన మహాసంస్థకు 2009 నవంబరు దాక పాలకమండలి లేదు. ఆ మండలి గడువు 2014లో తీరిన పిమ్మట 2016 ఫిబ్రవరిలో గాని ఎన్నిక జరుగలేదు. 2020 డిసెంబరు 1న ఎన్నుకొన్న మండలికి 2026 ఫిబ్రవరితో ఐదేండ్లు నిండినవి. ఎన్నిక వచ్చిన నాడైనను మనము చేసిన దేమి? 2020లో ఓటుహక్కు గలవారిలో సగముమందియైనను పోలింగు కేంద్రమునకు పోలేదు. ఓట్లు వేసినవారు నూటికి సుమారు 46 మంది. ఓటున్నవాడు రాలేదు, వచ్చి యుండదగినవానికి ఓటు లేదు. ఈ రెండు వెలితుల నడుమ కార్పొరేటరు ఎవరికి జవాబుదారి?

ఈ వెలితి ఎట్టిదో వానకాలమున కండ్లకు కట్టును. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపున మెరకలో కురిసిన వాన పల్లమునకు జారి మైత్రీవనము దగ్గర రహదారిపై నిలిచిపోవుట ఈ ప్రాంతమువారందరు ఎరిగినదే. ఆ నీరు ప్రయాణించు మార్గము జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గమున మొదలై సనత్‌నగర్ నియోజకవర్గపు అంచున తేలును. పంజాగుట్ట చూడబోయిన ఖైరతాబాదు నియోజకవర్గమునకు చెందును. రహదారియు వాననీటి కాలువయు నగరపాలక సంస్థవి. మంచినీరు, మురుగునీరు 1989 చట్టము ననుసరించి ఏర్పడిన జలమండలివి. కరెంటు స్తంభము విద్యుత్ పంపిణీ సంస్థది. మెట్రో స్తంభము మరియొకరిది. వాహనముల రద్దీ పోలీసులది. 2024 జూలైలో విపత్తులను ఎదుర్కొనుటకై హైడ్రా యను నూతన సంస్థయు వచ్చినది. ఇందులో ప్రతి శాఖకును తన పని యున్నది, తన అధికారి యున్నాడు. కాని మోకాలిలోతు నీటిలో చెప్పులు చేతబట్టుకొని హాస్టలునకు పోవు పిల్లవానికి ఇవన్నియు వేరువేరు శాఖలు కావు. అది ఒకే వీథి, ఒకే నీరు. ఆ ఏకత్వమును తెలిసినవాడు ఆ వీథివాసియే గనుక, శాఖలన్నిటిని ఒకచోట కూర్చుండబెట్టి అడుగగల సభయు వీథివాసుల సభయే కావలెను.

అట్టి సభను కల్పించిన శాసనము లేకపోలేదు. 1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభాగల నగరములలో వార్డు కమిటీలు ఉండవలెనని ఆదేశించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలముననే వార్డు కమిటీలకు తోడు ఏరియా సభలను గూడ ఏర్పరచు నిబంధనలు వచ్చినవి. ఒక ప్రాంతపు ఓటర్లందరును సభ్యులుగా నుండి, తమ అవసరములను తామే వరుసపెట్టి చెప్పుకొనుటకు, పల్లెకు గ్రామసభ యెట్టిదో పట్టణపు పేటకు ఇది యట్టిది కావలెనని ఉద్దేశము. 2023 జూన్‌లో ప్రతి వార్డునకును ఒక కార్యాలయమును తెరచి, వివిధ విభాగముల ఉద్యోగులను ఒకే కప్పు క్రిందికి తెచ్చు ప్రయత్నము జరిగినది. ఉద్దేశములన్నియు ఉత్తమములే. కాని తమ ఏరియా సభ ఎప్పుడు కూడునో, ఎక్కడ కూడునో చెప్పగల గృహస్థుడు అమీర్‌పేటలో అరుదు. హాస్టలు యువకుని మాట అడుగనే అక్కరలేదు. అతడు ఇక్కడి ఓటరు కాడు గనుక ఆ సభ కూడినను దాని గడప లోపల అతనికి స్థానము లేదు.

ఇది ప్రాణములతో ముడిపడిన విషయము గనుకనే ఇంత నొక్కి చెప్పుచున్నాను. 2019 సెప్టెంబరులో, వానకు తడియకుండుటకై అమీర్‌పేట మెట్రో స్టేషను క్రింద నిలిచిన ఒక యువతి, పైనుండి ఊడిపడిన పెచ్చు తగిలి మరణించినది. 2024 జూలై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేంద్రనగర్‌లో, సివిల్స్ శిక్షణకేంద్రపు నేలమాళిగలో నడుచుచున్న గ్రంథాలయమునకు వాననీరు ముంచుకొని వచ్చి ముగ్గురు అభ్యర్థులు బలియైరి. రాజేంద్రనగర్ వేరు, అమీర్‌పేట వేరు అని మనము నిశ్చింతగా నుండజాలము. ఇరుకు మెట్లు, కిటికీలేని గదులు, ఒకే ద్వారముగల తరగతులు, వానకు పొంగు కాలువలు ఏ నగరపు చదువుల పేటకైనను సమానధర్మములు. ఏ మెట్లదారి మూసివేయబడినదో, ఏ మ్యాన్‌హోలు మూత పగిలినదో అందరికంటె ముందుగా తెలియునది అక్కడ పడుకొని లేచువానికి. ఆ తెలిసినవాని మాట చేరవలసిన చోటికి చేరు త్రోవ లేకపోవుట ఎంతటి అనర్థమునకు దారితీయునో వేరుగ చెప్పవలెనా?

ఇచ్చట నేను దూరదేశపు ముచ్చట నొకదానిని ప్రస్తావింతును. అమీర్‌పేటలో కంప్యూటరు పాఠములు నేర్చి అమెరికా చేరిన తెలుగువారిలో ఎందరో దక్షిణ రాష్ట్రముల నగరశివారు కౌంటీలలో స్థిరపడిరి. జార్జియా రాష్ట్రమున అట్లాంటాకు ఉత్తరముననున్న ఫోర్‌సైత్ కౌంటీ అట్టివానిలో నొకటి. 1990లో అక్కడి జనాభా 44 వేలు. 2020 నాటికి 2 లక్షల 51 వేలు. ఆ కౌంటీని ఐదుగురు కమిషనర్ల మండలి పాలించును. పొలమును ఇండ్లస్థలముగా మార్చవలెనన్నచో ముందుగా బహిరంగ విచారణ జరిపి తీరవలెను. రోడ్లకును ఉద్యానవనములకును ఒక శాతము ప్రత్యేక అమ్మకపు పన్ను వేయదలచిన యెడల, ఏ పనికి ఎంతయో పట్టిక ప్రకటించి ప్రజల ఓటుతో అనుమతి పొందవలెను. వీసాపై నున్న తెలుగు ఉద్యోగికి అక్కడ ఓటు లేదు. ఐనను తన కాలనీ ప్రక్క రాబోవు నిర్మాణమును గూర్చి విచారణ జరుగునాడు లేచి నిలిచి, పేరు చెప్పి, తనకిచ్చిన కొలది నిమిషములలో తన అభ్యంతరమును విన్నవించుకొనగలడు. పరదేశమున ఓటు లేకున్నను మాట గలిగిన మన పిల్లవానికి, స్వదేశమున తాను చదువుకొన్న పేటలో ఓటును లేదు, మాటయు లేదు. ఈ వ్యత్యాసము మనలను ఆలోచింపజేయవలెను.

అట్లని ఆ కౌంటీ చరిత్ర నిష్కళంకమని నేననుట లేదు. అందులో మనము నేర్వవలసిన రెండవ పాఠము మొదటిదానికంటె కఠినమైనది. 1912లో అక్కడి తెల్లజాతివారు, తమ నడుమ నివసించుచుండిన వెయ్యిమందికి పైబడిన నల్లజాతివారిని భయపెట్టి, హింసించి, కౌంటీ దాటించి వెళ్లగొట్టిరి. 1987 జనవరిలో సమానత్వము కొరకు యాత్ర చేయవచ్చిన కొలదిమందిపై రాళ్లు రువ్విరి; సరిగా వారము తిరుగునప్పటికి దాదాపు ఇరువదివేలమంది తరలివచ్చి అదే దారిన నడచిరి. ఇరుగుపొరుగువారి ఐకమత్యము ఎంత గొప్పదైనను, అది కొత్తవానిని మనిషిగా చూడనొల్లని నాడు స్థానికపాలన అన్యాయమునకు ఆయుధమగును. పేటపై అధికారము పేటవారికే ఇండు అని కోరు మనము, పేటవారనగా ఎవరో నిర్ణయించుటలో మనస్సు విశాలము చేసికొనక తప్పదు.

స్థానిక గృహస్థుల బాధలు నేనెరుగనివి కావు. సంజీవరెడ్డి నగరమున, మధురానగరమున, వెంగళరావు నగరమున గృహములుగా కట్టిన భవనములు హాస్టళ్లుగా మారి, నలుగురికి సరిపడు మురుగుగొట్టముపై నలువదిమంది భారము పడుచున్నది; ఇంటిముందు పరుల బండ్లు నిలుచుచున్నవి; రాత్రివేళ నిద్ర కరవగుచున్నది. కాలనీ సంక్షేమసంఘములు నడుపు పెద్దలు స్వార్థమెరుగక, పింఛను దినములను చెత్తబండి వెంటను నీటి పైపు వెంటను తిరుగుచు గడుపుచున్నారు. వారి ఫిర్యాదు న్యాయమైనదే. కాని దానికి ప్రతివాది హాస్టలు పిల్లవాడు కాడు. నలువదిమందిని కుక్కిన లాభము అతనికి రాలేదు. ఆ గొట్టము పొంగిన దుర్గంధము మాత్రము అతడును భరించుచున్నాడు. ఇంటిపన్ను యజమాని పేర చెల్లుచున్నను అది అద్దెలో కలిసి అతని సంచినుండియే పోవుచున్నది. గృహస్థును, అద్దెవాసియు ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండినచో, తమ ఇరువురి కష్టమునకును మూలము ఒక్కటేయని తెలిసికొనుటకు ఒక సాయంకాలము చాలును.

కొత్తవాడు కొద్దినెలలలో పోవువాడు గదా, వానికి శాశ్వతవాసులతో సమానమైన మాట ఏల అని కొంద రడుగవచ్చును. మనిషి పోవును; హాస్టలు మంచము మాత్రము ఖాళీగా నుండదు. ఒకరు వెడలిన చోట మరియొకరు చేరుచునే యుందురు గనుక, ఈ జనము వ్యక్తులుగా అస్థిరమైనను సమూహముగా స్థిరమైనదే. అదియును గాక, ఆషాఢమాసమున బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమునకు వచ్చిన భక్తునికి నీళ్లందించు వీథివాసులు అతని ఊరేదని అడుగరు. ఎదుటనున్నవాడు మనవాడే యను ఈ భావము మన సంఘజీవనమున ఇదివరకే కలదు. దానిని శాసనములోనికి తెచ్చుటయే మిగిలియున్నది.

కర్తవ్యము స్పష్టము. 2025 చివర శివారు పురపాలక సంస్థలు 27 కలిసి, వార్డుల సంఖ్య 150 నుండి 300కు పెరిగిన ఈ తరుణమున, నగరమును ఒక్కటిగా ఉంచినను పలుఖండములుగా పాలించినను, వార్డు ఎంత చిన్నదైనదో చెప్పి తృప్తిపడుట చాలదు. ప్రతి ఏరియా సభయు మూడు నెలలకొకసారి, ముందుగా ప్రకటించిన దినమున, మెట్రో స్టేషను గోడలపైనను హాస్టలు ద్వారములపైనను అతికించిన ప్రకటనతో కూడవలెను. నగరపాలక సంస్థ, జలమండలి, విద్యుత్ సంస్థ, ట్రాఫిక్ పోలీసు అధికారులు ఆ సభకు స్వయముగా రావలెను. ఓటు ఎక్కడనున్నను, ఆ ప్రాంతమున నివసించుచున్నట్లు చూపగల ప్రతివానికిని మాటాడు హక్కును నిబంధనలలో చేర్చవలెను. 2014 నాటి వీథివ్యాపారుల చట్టము పట్టణ విక్రయ కమిటీలో నూటికి నలుబదికి తక్కువ కాకుండ స్థానములు వ్యాపారులకే కేటాయించినది. ఆ న్యాయమునే అనుసరించి వార్డు కమిటీలో అద్దెవాసులకును, హాస్టలు యువతకును రెండు స్థానములైనను కేటాయించుట కష్టము కాదు. మండలి గడువు తీరిన నాడే ఎన్నికలు జరుగవలెను.

ఈ పనులకు వేలకోట్లు అక్కరలేదు. ఒక చిన్న నిబంధన సవరణ, ఒక సమావేశమందిరము, వినవలెనను సంకల్పము చాలును. కాలనీ సంఘముల పెద్దలకు నా మనవి: ప్రభుత్వపు ఉత్తరువునకై ఎదురుచూడక, రాబోవు మీ నెలసరి సమావేశమునకు మీ వీథిలోని హాస్టలునుండి ఇద్దరిని, టిఫిను బండివారిలో ఒకరిని పిలువుడు. హాస్టలు యువకులకు నా మనవి: పిలువకున్నను పొండు.

— పురవాసి