సీమంతం సంచీలో పాలసీసా ఎందుకు?

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

కోడలు ఉద్యోగానికి పోతూ పాలు పిండి పెట్టిపోతుంది. మనవరాలికి పట్టేది మేమే. సీసా కొందామని మదురైలో అంగడికి పోతే గాజు, స్టీలు, ప్లాస్టిక్, నిపుల్లోనే నాలుగు రకాలు. రైల్వేలో గూడ్సు రసీదులు రాసిన బుర్రకి ఇది తెగలేదు.

ఇంట్లో మా ఆవిడ పాతపెట్టెలోంచి మా అమ్మ ఉగ్గుగిన్నె తీసింది. ఇక్కడివాళ్ళు పాలాడై అంటారు. నెలలు నిండక పుట్టి, చప్పరించలేని బిడ్డలకు ఆస్పత్రిలో నర్సమ్మలు పాలు పట్టేది దీంతోనే. సీసా మెడలో, నిపుల్ లోపల పాలజిడ్డు నిలుస్తుంది, విరేచనాలకి అదే దారి. గిన్నెకి మూలలు లేవు, కడిగి నీళ్ళలో మరిగిస్తే చాలు. బిడ్డని పడుకోబెట్టి మాత్రం పొయ్యకూడదు. తల ఎత్తి పట్టుకుని, పెదవికి ఆనించి కొంచెం కొంచెంగా. ఓపిక కావాలి, రిటైరైనవాళ్ళకి అదేగా ఉండేది!

పాలసీసాలకి ప్రకటనలే కూడదని 1992లోనే చట్టం వచ్చింది. మనం మాత్రం సంఘం సీమంతం సంచీలో సీసా పెట్టి పంచుతున్నాం. ఉగ్గుపాలతో వచ్చిన తెలుగు అని వేదిక మీద చెప్పుకుంటాం, ఉగ్గుగిన్నె అంటే మన కోడళ్ళకే తెలియదు.

వచ్చేసారి సీసా తీసేసి స్టీలు ఉగ్గుగిన్నె పెడదామా? కమిటీవాళ్ళు చెప్పండి.