చిరునామా లేని యువతకు నీడ ఎక్కడ?

ఇల్లు విడిచి వచ్చిన యువతను ఏ కార్యాలయమైనా మొదట అడిగే ప్రశ్న 'నీ చిరునామా ఏది?' అనే. ఆధార్‌లో మార్పు కావాలన్నా, రేషన్ కార్డు కావాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా నివాస ధ్రువీకరణ తప్పనిసరి. ఆ కాగితాలు ఇంట్లో పెట్టెలో ఉంటాయి. ఆ ఇంటి తలుపు మూసుకుపోయి ఉంటుంది. లోకం రాసిపెట్టిన ఆడ, మగ గుర్తింపులో ఇమడలేని ట్రాన్స్‌జెండర్ యువతకు, స్వలింగ ప్రేమ బయటపడి అయినవారికి కానివారైన యువతీ యువకులకు ఎదురయ్యే తొలి అడ్డంకి ఇదే. ఖమ్మం నుంచి భద్రాచలం అటవీ సరిహద్దు వరకు ఈ సమస్య మరింత జటిలం. చట్టాలు వచ్చాయి, తీర్పులూ వచ్చాయి. వాటి ఫలితం అందుకునే వరకు తలదాచుకోవడానికి ఒక గది దగ్గరలో లేకపోవడమే అసలు లోపం.

తీర్పులకు కొదవ లేదు

ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. వయోజనుల మధ్య సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న తేల్చింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదని పేర్కొంది. కుటుంబం సాకలేని పక్షంలో న్యాయస్థానం ఆ వ్యక్తిని పునరావాస కేంద్రానికి పంపాలని చెప్పింది. గుర్తింపు పత్రం ఇచ్చే బాధ్యతను కలెక్టరుకు అప్పగించింది.

నిజాం కాలంలో 1919లో వచ్చిన ఒక చట్టం, అనుమానం పేరిట హిజ్రాల పేర్లను, నివాసాలను రిజిస్టరులో నమోదు చేయమంది. స్త్రీ వేషంలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని అనుమతించింది. దానిని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు వర్తింపజేయాలని ఆదేశించింది. ఒకనాడు నిఘా కోసం వారి చిరునామా వెతికిన వ్యవస్థ, నేడు సంక్షేమానికి ఆ చిరునామానే అడ్డుగా నిలపడం శోచనీయం.

మూడు వందల మందికే చోటు

ఇంటి నుంచి గెంటివేతకు గురైన ట్రాన్స్‌జెండర్ల కోసం కేంద్రం 2020లో గరిమా గృహాల పథకాన్ని ప్రారంభించింది. ప్రయోగాత్మకంగా దేశం మొత్తానికి 12 గృహాలు మంజూరయ్యాయి. ఒక్కో దానిలో కనీసం 25 మందికి వసతి, భోజనం, వైద్యం, వృత్తి శిక్షణ కల్పించాలన్నది నిబంధన. ఆ లెక్కన తొలి విడతలో చోటు దక్కేది సుమారు 300 మందికి. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు'గా నమోదైనవారు దేశంలో 4.87 లక్షల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43 వేల పైచిలుకు.

ఛత్తీస్‌గఢ్‌కు మంజూరైన గృహం రాయపూర్‌లో వెలిసింది. సరిహద్దు గ్రామాల నుంచి అక్కడికి చేరాలంటే సుక్మా, జగదల్‌పూర్ మీదుగా బస్తర్ అంతా దాటాలి. ఇటు హైదరాబాద్ భద్రాచలానికి మూడు వందల కిలోమీటర్లు. ఇల్లు వదిలిన యువత చివరకు హైదరాబాద్ బస్సే ఎక్కుతుంది. చదువు, స్నేహితులు, తెలిసిన పని అన్నీ ఇక్కడే మిగిలిపోతాయి.

ఉన్న పథకాల్లో ఇమడని వయసు

జిల్లాలో ఆశ్రయం ఇచ్చే వ్యవస్థలు లేకపోలేదు. అయితే ఒక్కో దానికి ఒక్కో గీత ఉంది. బాలల సంక్షేమ కమిటీ పరిధి 18 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత 21 ఏళ్ల వరకు అందించే అనంతర సంరక్షణ, బాలల సంరక్షణ సంస్థల్లో పెరిగినవారికే వర్తిస్తుంది. పందొమ్మిదో ఏట ఇల్లు వదిలినవారికి అది అందదు. మహిళల కోసం ఏర్పడిన సఖి కేంద్రాల్లో తాత్కాలిక వసతి ఐదు రోజులకే పరిమితం. గిరిజన ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలు పనిదినాల్లో నీడనిస్తాయి. వేసవి సెలవులు ప్రకటించగానే తాళాలు పడతాయి. ఇంటికి వెళ్లలేని విద్యార్థికి ఆ సెలవులే గండం. పైగా ప్రతి వసతి గృహమూ బాలురదో, బాలికలదో అయి ఉంటుంది.

పట్టణ నిరాశ్రయుల పథకానిదీ ఇదే తీరు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత వసతి ఉండాలంది. ఖమ్మం నగరపాలక సంస్థ కనుక ఆ లెక్కలోకి వస్తుంది. భద్రాచలం జనాభా 2011లోనే సుమారు యాభై వేలు. అయినా పంచాయతీగానే కొనసాగుతూ రావడంతో పట్టణ పథకాలు దాని దరి చేరలేదు. రామయ్య దర్శనానికి వచ్చే భక్తులకు సత్రాలున్నాయి కానీ, నీడ కోసం వచ్చేవారికి ఏర్పాటు కొరవడింది.

అడవి అంచున మరో చిక్కు

చిరునామా ఎంత అస్థిరమో ఈ సరిహద్దుకు తెలిసినంతగా మరెక్కడా తెలియదు. పోలవరం ముంపు పేరిట 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి వెళ్లాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిశాయి. ఇల్లు కదలకుండానే ఎనిమిదేళ్లలో జిల్లా పేరు రెండుసార్లు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్లకు నెలకు రూ.4 వేల పింఛను 2024 జులై నుంచి అమలులోకి వచ్చింది. ఆ మండలాల్లో పుట్టి భద్రాచలంలో బతుకుదెరువు వెతుక్కునే యువతకు ఏ రాష్ట్ర కార్యాలయం గడప తొక్కాలన్నదే సందేహం.

2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల అనుభవం ఇంకా చేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు కల్పించింది. ఆ తేదీ తర్వాత వచ్చినవారి గుడిసెలకు గుర్తింపు లేదు. మిర్చి కోతల కాలంలో చేను గట్టున నీడ దొరుకుతుంది, కోతలు ముగిస్తే అదీ ఉండదు. అలాంటి కుటుంబంలో పుట్టి, మనసు వేరుగా ఉన్న బిడ్డ గుడిసెకూ దూరమైతే చూపడానికి ఒక్క కాగితమూ ఉండదు.

చేయగలిగింది ఏమిటి?

ఇటువంటివారు జిల్లాలో ఎందరున్నారని, వారికి ప్రత్యేక భవనం అవసరమా అని ప్రశ్నించేవారున్నారు. ఊళ్లో నిలవలేక వెళ్లిపోయినవారు ఊరి లెక్కలో కనిపించరు. ఖమ్మానికి చెందిన డాక్టర్ రూత్ జాన్ పాల్, డాక్టర్ ప్రాచీ రాథోడ్‌తో కలిసి 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో చేరారు. రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులో తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులుగా గుర్తింపు పొందారు. డాక్టర్ పట్టా చేతిలో ఉన్నవారికే అంత పోరాటం తప్పలేదంటే, ఇంటర్ మధ్యలో ఆపిన బిడ్డ గతి ఏమిటో ఊహించవచ్చు.

కొత్త భవనాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. మద్రాసు హైకోర్టు 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వుల్లో మార్గం చూపింది. మదురై నుంచి చెన్నైకి వచ్చిన ఇద్దరు యువతుల కేసు అది. ఇప్పటికే ఉన్న స్వల్పకాలిక వసతి గృహాల్లో అవసరమైనవారికి చోటు కల్పించాలని కేంద్రానికి సూచించింది. అదృశ్యం ఫిర్యాదు వచ్చినా, వయోజనులు ఇష్టపూర్వకంగా వెళ్లారని తేలితే పోలీసులు వేధించకుండా కేసు మూసివేయాలంది.

ఆ దారిలోనే ఖమ్మంలో ఒకటి, భద్రాచలంలో ఒకటి చొప్పున కొన్ని గదులు కేటాయించవచ్చు. తొలి రాత్రి ఏ కాగితమూ అడగరాదు. ఇరుగుపొరుగు చూపు సోకకుండా గుమ్మానికి బోర్డు తగిలించకపోవడం మేలు. సెలవుల్లో వెళ్లే చోటు లేని విద్యార్థుల కోసం ఐటీడీఏ ఒక్క వసతి గృహాన్నయినా తెరిచి ఉంచాలి. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహాల అధిపతి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ నిబంధనలు చిరునామా రుజువుగా అంగీకరిస్తున్నాయి. అంటే ప్రభుత్వం ఒక గదికి గుర్తింపు ఇస్తే చాలు, అదే చిరునామా అవుతుంది. దాని వెంట ఆధార్, బ్యాంకు ఖాతా, ఆపై పింఛను దరఖాస్తు వరుసగా సాధ్యమవుతాయి.

బిడ్డను ఇంటికి చేర్చడమే మొదటి ప్రయత్నం కావాలన్న తల్లిదండ్రుల వాదనను తోసిపుచ్చలేం. భయం లేని చోట కొన్నాళ్లు గడిస్తే మాట కలిసే అవకాశం ఉంటుంది. బలవంతంగా లాక్కెళితే ఆ దారీ మూసుకుపోతుంది.

చట్టం అమలులో ప్రభుత్వాల అలసత్వాన్ని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ మందలింపు ఢిల్లీకి, హైదరాబాద్‌కు మాత్రమే పరిమితం కాదు. రెండు జిల్లాల కలెక్టర్లు, ఐటీడీఏ అధికారులు, పోలీసులు ఒకచోట కూర్చుని నిర్ణయిస్తే నాలుగు గదులు సమకూర్చడం అసాధ్యమేమీ కాదు. ఆ చొరవ లోపించినంత కాలం, హక్కులన్నీ ఉన్న బిడ్డ హైదరాబాద్ బస్సు కోసం రాత్రంతా బస్టాండులో కూర్చోవాల్సిందే.