మా పత్తిచేను



వంటయిల్లు, పెరడు, పాడి, కుట్టుపని, వీనిని గూర్చి యీ శీర్షికలో నెలనెల వ్రాయుచు వచ్చితిని. మా పత్తిసేద్యమును గూర్చియు వ్రాయుమని కొందఱు సోదరీమణులు కోరిరి. మాకున్నది ఎకరమున్నర నల్లరేగడి. బండి ఆత్మకూరు చుట్టుపట్ల కె.సి. కాలువక్రింద వరిమళ్లు పచ్చగా నుండగా, కాలువనీ రెక్కని మెరకమీద మా చేను వాననే నమ్ముకొని యుండును. మావారు బడిపంతులు, ఉదయము పోయినచో సాయంకాలమునకు గాని యిల్లు చేరరు. కావున సేద్యము చూచుకొనుట నా వంతైనది. చిన్ననాట మా నాయనగారు నాకు భారత భాగవతములు చదివించిరి గాని గుంటక తోలించుట చెప్పలేదు. ఆ విద్య కూలికి వచ్చు అక్కలే నేర్పిరి.

పత్తి మా సీమకు క్రొత్తది కాదు. నంద్యాలలో 1906వ సంవత్సరముననే వ్యవసాయ పరిశోధనా క్షేత్రము వెలసినది. 'నరసింహ' యను రకము అచ్చటనే పుట్టినది. అంతకు ముందునుండియు నున్న నాటుపత్తి పింజ పొట్టిది. సన్ననూలునకు పనికిరాదు గాని పరుపులకును, దీపపు వత్తులకును దానికి సాటి లేదు. మన దేశమున 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చిన పిదప నాటుగింజలు మాయమగుచు వచ్చినవి. నేను మాత్రము చేని గట్టువైపున ఇరువది సెంట్లలో నాటుపత్తి నేటికిని వేయించుచున్నాను. లాభమునకు కాదు, కార్తికమున నా వత్తులు నా చేనివి కావలెనని యొక చాపల్యము.

పత్తిపూవును దగ్గఱగా చూచినవా రెందఱు? బి.టి. పత్తిపూవు విచ్చిననాడు మీగడ వన్నెలో నుండును. మరునాటికి గులాబీవన్నెకు తిరుగును. ఒకే మొక్కమీద నిన్నటి పూవును, నేటి పూవును ప్రక్కప్రక్కన నిలిచి యుండును. ఇక కాయ పగిలిన యుదయమున చేను చూచుట యొక పండుగ. మంచు ఆరిన తరువాతనే తీతకు దిగవలెను. తడిపత్తి మూటలో వేడెక్కి పసుపువాఱును. అడుగుకాయలు ముందు, పైకాయలు పిదప. ప్లాస్టికు సంచులు పనికిరావు. పాతచీర మూటయే మేలు. తీయువారు తల వెండ్రుకలకు గుడ్డ కట్టుకొనవలెను. ఒక్క వెండ్రుక దూదిలో కలిసినచో అది నూలుదాక పోవును. శ్రీకాకుళపు సీమలోని పొందూరులో వాలుగచేప దవడతో దూదిని దువ్వి శుభ్రపఱతురని వినినప్పుడు నాకు వింత తోచలేదు. చెత్త లేని దూది విలువ తీసిన చేతికే తెలియును.

ఇంతవఱకు సంతోషము. నష్టములు చెప్పవలెనన్న చోటు చాలదు. మంచియేట మా ఎకరమున్నరలో తొమ్మిది క్వింటాళ్లు తీసితిమి. కాయ పగిలినవేళ నాలుగుదినములు ముసురుపట్టిన యేట నాలుగు క్వింటాళ్లయిన దక్కలేదు. గింజలు కాయలోనే మొలకెత్తినవి. ఇక గులాబీరంగు పురుగు. బి.టి. పత్తిలోని విషము దానిని ఆపునని మొదట చెప్పిరి; కొన్నేండ్లకే అది ఆ విషమునకు లొంగకపోయెను. లేత కాయలో దూరినవెంటనే రంధ్రము పూడిపోవును గనుక పైకి ఏమియు తెలియదు. రేకులు ముడుచుకొని విచ్చని 'గుడ్డిపూలు' కనబడిన వెంటనే ఏరి కాల్చవలెను; లింగాకర్షక బుట్టలు కట్టవలెను; సంక్రాంతి దాటి కట్టె చేనిలో నిలువరాదు. ఈ మూడింటిని మేము చేసితిమి, ప్రక్కచేనివారు చేయలేదు. పురుగునకు గట్టు అడ్డమా?

ధర మాటకు వత్తము. 2024-25లో పొడవుపింజ పత్తికి కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మద్దతుధర క్వింటాలునకు 7,521 రూపాయలు. అది ఎనిమిది పాళ్ల తేమకు. తేమ పెరిగినకొలది ధర తగ్గును. పండ్రెండు దాటిన కొనరు. ఆరబెట్టుకొనుటకు చోటులేని చిన్నరైతు కల్లము ముంగిటనే అమ్ముకొని, చేతికి వచ్చినదే చాలనుకొనును. పైగా క్వింటాలులో దూది సుమారు మూడవవంతు, మిగిలినది గింజయే.

ఇంతకన్న పెద్దవిషయ మొకటి యున్నది. మాటలో మాటగా దాటిపోవుట నాకిష్టము లేదు. మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు సంకరపత్తి విత్తనమునకు పేరుపడినవి. 1970లో సూరతులో సి.టి. పటేలుగారు లోకమున మొదటిసారిగా అమ్మకమునకు తగిన సంకరపత్తిని సాధించిరి. అది మొదలు ఈ విత్తనమంతయు చేతితోనే చేయవలెను. మరునాడు విచ్చబోవు మొగ్గ రేకులను, పుప్పొడి తిత్తులను సాయంకాలమే గోటితో ఊడదీయుదురు. ఉదయమున మగపూవు తెచ్చి కీలాగ్రమున రాయుదురు. దినము తప్పిన పూవు పోయినదే. రెండుమూడు నెలలు విడుపు లేదు. దీనినే 'క్రాసింగు' అందురు. ఈ పనికి ఆడపిల్లలనే పిలుతురు. వారి వ్రేళ్లు సన్ననివని చెప్పుదురు. వారి కూలి సన్నమన్నది అసలు మాట.

మూడేండ్ల క్రిందట విత్తనపు కంపెనీ తరఫున నొకాయన మా యింటికి వచ్చెను. బోరు వేయించెదమనియు, విత్తనమును ముందుసొమ్మును ఇచ్చెదమనియు చెప్పెను. బోరున్నచో నా చేను వానకు మ్రొక్క నక్కఱలేదు. ఆ రాత్రి కాగితము మీద లెక్క వేసితిని. పెద్దవారి కూలి వేసినచో లాభము నిలువలేదు; పిల్లల కూలి వేసినచో నిలిచినది. 2009 నాటి చట్టముచేత ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు బడి హక్కు. 2016 సవరణచేత పదునాలుగేండ్లలోపు వారిని కూలికి పెట్టుట నేరము. అయినను ఆ నెలలలో మావారి హాజరుపట్టీలో ఆడపిల్లల పేర్లయెదుట ఖాళీలు చూచుచున్నదానను. వలదంటిని. మా ఆడబిడ్డ, "వదినా, ఇంటికి వచ్చిన లక్ష్మిని పొమ్మంటివి" అని నేటికిని దెప్పును. ఆమె లెక్కయు తప్పని చెప్పజాలను. మా బోరు నేటివఱకు పడలేదు.

ఏడవ తరగతి పిల్ల యొకతె బడి మానగా దాని తల్లిని పిలిచి అడిగితిని. ఆమె, "సారమ్మా, మీరు వద్దంటే మా అప్పు తీరుతుందా? మీ చేను కాకుంటే ఇంకొకరి చేను" అనెను. నాకు బదులు తోచలేదు. తుదకు తీతకూలి క్రింద మూడువేలు ముందుగా ఇచ్చితిని. దసరా సెలవుల పిమ్మట చిన్నది బడికి వచ్చినది. ఇప్పుడు పదవ తరగతి. పదునైదేండ్ల దాని అక్కకు మాత్రము ఆ మూడువేలు చాలలేదు. ఆ పిల్ల మరల బడిముఖము చూడలేదు.

ఈ యేడు తొలితీతకు ఆ అక్కయే వచ్చినది. పదునెనిమిది నిండినవి; చేయి మిక్కిలి వడిగలది. సాయంకాలము తూకము ముగియగానే నా లెక్కపుస్తకము అడిగి తీసికొని, తన పేరుకెదుట వ్రాసిన కిలోలను ఒక్కొక్కటే కూడి సరిచూచుకొని గాని యింటికి పోదు. మొన్న నేను ఎక్కువ తక్కువలేక సరిగానే వ్రాసితినని తేలినప్పుడు, పుస్తకము మూయక, ప్రక్కవారి కిలోలను గూడ కూడి చూచినది.